నారు వాలిపోయింది: నీళ్లు తక్కువా, ఎక్కువా?

లైట్ల కింద పెంచుతున్న నారు పొద్దున్నే తల వాల్చేసి కనిపిస్తే మన చెయ్యి ముందు నీళ్ల మీదికే పోతుంది. కాసేపు ఆగండి. నీళ్లు తక్కువైనా మొక్క వాలుతుంది, ఎక్కువైనా వాలుతుంది.

దాహంతో వాలిన నారును పట్టుకోవడం తేలిక. ట్రే ఎత్తితే బరువుండదు, మట్టి రంగు పాలిపోయి అంచుల నుంచి విడిపోతుంది, ఆకుల కొసలు పొడిబారతాయి. ట్రే అడుగున నీళ్లు పోసి అరగంట ఉంచితే చాలావరకు కొన్ని గంటల్లో నిలబడుతుంది.

అసలు తలనొప్పి రెండోదే. ట్రే బరువుగా, మట్టి తడిగా ఉంటుంది, అయినా ఆకులు మెత్తగా వేలాడతాయి. మట్టిలో గాలి ఉండాల్సిన సందుల్లో నీళ్లు నిండితే వేళ్లకు ఆక్సిజన్ అందదు. ఊపిరాడని వేరు నీటిని పీల్చలేదు. అందుకే నీళ్లలో ఉండి కూడా మొక్క దాహంతో ఉన్నట్టే కనిపిస్తుంది, మనం జాలిపడి ఇంకా పోస్తాం! నేనూ అలా ఒక ట్రే మొత్తం చంపుకున్నాను. నిలిచిన నీళ్లు ఒంపేసి, మూత తీసి, చిన్న ఫ్యాన్ గాలి తగలనివ్వండి. మట్టి పైపొర ఆరేదాకా నీళ్లు వద్దు. కాండం మట్టి దగ్గర సన్నబడి, నల్లబడి ఒరిగిపోతే మాత్రం అది నారుకుళ్లు. పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవుల పని. ఆ మొక్క బతకదు, వెంటనే పీకేయండి.

తడి సరిగ్గానే ఉండి, లైటుకు దగ్గరగా ఉన్న ఆకులే వాలితే? ఆకుల ఎత్తులో అరచెయ్యి పెట్టి చూడండి. వేడిగా తగిలితే లైటు కాస్త పైకి జరపండి.