ఎల్వెన్ ఎంపైర్ డెక్: పదకొండో ఎల్ఫ్ దగ్గరే ఉంది కిటుకు

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో, కాల్డ్‌హైమ్ సెట్‌తో పాటు 2021లో వచ్చిన రెండు కమాండర్ డెక్‌లలో (కార్డుల కట్టలు) ఎల్వెన్ ఎంపైర్ ఒకటి. నలుగురు కూర్చుని, తలా 40 లైఫ్‌తో (ప్రాణ పాయింట్లతో) ఆడే కమాండర్ ఆటకి పెట్టె విప్పగానే పనికొచ్చే 100 కార్డులు. రంగులు నలుపు, ఆకుపచ్చ. క్రీచర్లలో (మన తరఫున పోరాడే కార్డుల్లో) దాదాపు అన్నీ ఎల్ఫ్‌లే. గుంపుని పెంచి గెలవడం నేర్చుకోవాలంటే మంచి డెక్, కాకపోతే కమాండర్‌ని, అంటే డెక్‌కి నాయకత్వం వహించే కార్డుని, సరిగ్గా చదవాలి.

ఆ కమాండర్ లాత్రిల్. దించడానికి నాలుగు మానా (కార్డులు వేయడానికి ఖర్చుపెట్టే శక్తి), 2/3 (కొట్టే బలం 2, తట్టుకునే బలం 3), మెనేస్. అంటే రెండు క్రీచర్లు కలిసి అడ్డుపడితే తప్ప ఆగదు. యుద్ధంలో లాత్రిల్ వల్ల ఆటగాడికి ఎంత దెబ్బ తగిలితే అన్ని 1/1 ఎల్ఫ్ వారియర్ టోకెన్లు (డెక్‌లో లేకుండా ఆటలో పుట్టే క్రీచర్లు) పుడతాయి. ఇంకో శక్తి కూడా ఉంది: లాత్రిల్‌ని ట్యాప్ చేసి (వాడినట్టు గుర్తుగా అడ్డంగా తిప్పి), దాంతోపాటు పది ఎల్ఫ్‌లని ట్యాప్ చేస్తే ప్రత్యర్థులందరికీ తలా 10 లైఫ్ పోతుంది, మనకి 10 వస్తుంది. లెక్క తప్పేది ఇక్కడే. లాత్రిల్ కూడా ఎల్ఫే కదా అని పదిలో కలిపేసుకుంటారు. కుదరదు, అది ముందే ట్యాప్ అయిపోయింది కాబట్టి మొత్తం పదకొండు కావాలి. ఊరట ఏంటంటే, ఆ పది ఇదే టర్న్‌లో దిగినవైనా చెల్లుతాయి. సమనింగ్ సిక్‌నెస్ (దిగిన టర్న్‌లో క్రీచర్ తన ట్యాప్ శక్తిని వాడలేకపోవడం) ఒక్క లాత్రిల్‌కే అడ్డు.

ఈ రెండు శక్తులకీ ఒకదానితో ఒకటి పడదు. దాడికి పంపితే లాత్రిల్ ట్యాప్ అవుతుంది, ఆ టర్న్‌కి 10 లైఫ్ మాట మర్చిపోవాలి. అందుకే లాత్రిల్ దిగిన కొత్తలో దాన్ని ఒకే ఒక్క క్రీచర్ ఉన్నవాళ్ల మీదో, అసలేమీ లేనివాళ్ల మీదో దాడికి పంపడం మేలు. మిగతా ఎల్ఫ్‌లకి తలా +1/+1 ఇచ్చే ఎల్విష్ ఆర్చ్‌డ్రూయిడ్, ఇంపీరియస్ పర్ఫెక్ట్ రెండూ బల్ల మీద ఉంటే లాత్రిల్ 4/5 అవుతుంది, ఒక్క దాడికి నాలుగు టోకెన్లు. ఎల్ఫ్‌ల లెక్క ఆరేడుకి చేరాక దాడి ఆపి కూర్చోబెట్టాలి.

మన ఒక్కో ఎల్ఫ్‌కి ఒక్కో ఎల్ఫ్ టోకెన్ ఇచ్చే ఎల్విష్ ప్రామనేడ్ దెబ్బ చూడండి. లాత్రిల్‌తో కలిపి ఆరు ఎల్ఫ్‌లుంటే, నాలుగు మానాతో అవి పన్నెండవుతాయి. అవతలివాళ్లు తేరుకునేలోపే 10 లైఫ్ పోయినట్టే. కాకపోతే ఆ నాలుగు మానా కోసం ఒక్క ఎల్ఫ్‌కి మించి ట్యాప్ చేయకూడదు, మిగతాది ల్యాండ్‌ల (మానా ఇచ్చే భూమి కార్డుల) లాంటి వాటి నుంచి రావాలి. మానా కోసం రెండు ఎల్ఫ్‌లని ట్యాప్ చేశారో, పదే మిగులుతాయి, పదకొండు ఉండవు.

నిలకడగా పనిచేసేది వుల్వరిన్ రైడర్స్. ఆరు మానా ఎక్కువే, కానీ ప్రతి ఆటగాడి అప్‌కీప్‌కీ (టర్న్ మొదట్లో వచ్చే దశకి) ఒక టోకెన్ ఇస్తుంది, నలుగురి ఆటలో రౌండుకి నాలుగు. రూత్‌లెస్ విన్నోవర్ ఉంటే ఎవరి అప్‌కీప్‌లో వాళ్లు ఎల్ఫ్ కాని క్రీచర్‌ని బలివ్వాలి. ఇది మనకీ వర్తిస్తుంది! ఇదే డెక్‌లోని ఎండ్-రేజ్ ఫోర్‌రన్నర్స్ ఎల్ఫ్ కాదు, పంది. విన్నోవర్ ఉండగా దాన్ని దించితే మన తర్వాతి అప్‌కీప్‌కి అదే పోతుంది, కాబట్టి దించిన టర్న్‌లోనే ఆట ముగించాలి.

అసలు బలహీనత బోర్డ్ వైప్, అంటే బల్ల మీది క్రీచర్లన్నిటినీ ఒకేసారి తుడిచేసే కార్డు. గుంపంతా 1/1లే కాబట్టి ఒక్క కార్డుతో తుడిచిపెట్టుకుపోతుంది. చేతిలో రెండు మూడు క్రీచర్లు ఎప్పుడూ దాచుకోవాలి, అందరికన్నా ముందు చేయి ఖాళీ చేసేవాళ్లకే ఈ డెక్ ఎక్కువ నష్టం చేస్తుంది. బీస్ట్ విస్పరర్ కార్డులిస్తుంది కానీ క్రీచర్ కార్డు వేసినప్పుడే, టోకెన్ పుడితే ఏమీ రాదు. రెండు రంగుల ల్యాండ్‌లలో ట్యాప్ అయి దిగేవి ఎక్కువ. మొదటి టర్న్‌లోనే మానా ఎల్ఫ్‌ని (ట్యాప్ చేస్తే మానా ఇచ్చే ఎల్ఫ్‌ని) దించాల్సిన డెక్‌కి ఇది పెద్ద లోపం, మార్చడం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

బయటి నుంచి మూడు కార్డులు చేర్చితే డెక్ రూపే మారుతుంది. హీరోయిక్ ఇంటర్వెన్షన్ "డిస్ట్రాయ్" అనే వైప్‌ల నుంచి కాపాడుతుంది, టాక్సిక్ డెల్యూజ్ లాంటి -X/-X (క్రీచర్ల బలాన్నే తగ్గించి చంపే) వైప్‌ల ముందు మాత్రం పనిచేయదు. +1/-1 ఇచ్చే స్కల్‌క్లాంప్‌ని 1/1 టోకెన్‌కి తగిలిస్తే అది చచ్చి రెండు కార్డులిస్తుంది. కానీ ఆర్చ్‌డ్రూయిడ్ ఉంటే టోకెన్ 3/1గా బతికే ఉంటుంది, కార్డులు రావు, కాబట్టి ఆర్చ్‌డ్రూయిడ్‌ని దించకముందే ఆ పని కానివ్వాలి. మూడోది సీడ్‌బార్న్ మ్యూజ్. మిగతా ముగ్గురి టర్న్‌లలోనూ మన ఎల్ఫ్‌లు అన్‌ట్యాప్ అవుతాయి. మన టర్న్‌లో ఒకసారి, వాళ్లవి మూడుసార్లు, రౌండు తిరిగేసరికి నాలుగు పదులు నలభై. లాత్రిల్‌ని ట్యాప్ చేశాక దాన్ని చంపినా లాభం లేదు, ఆ 10 ఎలాగూ పోతుంది. ఈ సంగతి తెలిసినవాళ్లు మీకు పదకొండు చేరకముందే దాన్ని చంపేస్తారు, మళ్లీ పిలవడానికి ప్రతిసారీ రెండు మానా అదనం. అందుకని ఎనిమిది తొమ్మిది ఎల్ఫ్‌లు బల్ల మీద పేర్చి టర్న్ వదలకండి, ఆరు దగ్గర ఆగి ఒకే ఊపులో పన్నెండుకి వెళ్లండి.