ఆదిమ హీలియం కొలతకు క్యాంబ్: ఆరేళ్ల వాడకం తరువాత

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంటి కంప్యూటరులో క్యాంబ్ ప్రోగ్రామును ఆరేళ్లుగా వాడుతున్నాను. ఆంటొనీ లూయిస్, ఆంథొనీ చాలినర్ రూపొందించిన ఈ ప్రోగ్రాము, విశ్వ సూక్ష్మతరంగ నేపథ్య కాంతిలోని (తొలినాటి విశ్వం నుంచి నేటికీ అన్ని దిక్కుల నుంచి వస్తున్న కాంతి) ఉష్ణోగ్రతా భేదాలు ఏ కోణీయ పరిమాణం వద్ద ఎంత ఉండాలో లెక్కగట్టి ఇస్తుంది. ఎం.ఎస్సీ. విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పే నాకు దీనితో ఉన్న పని ముఖ్యంగా ఒక్కటే: విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లో తయారైన హీలియం ఎంతో ఆ కాంతి నుంచి రాబట్టడం. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచే పరిశీలించారు. హీలియం మొదట బయటపడింది సూర్యకాంతిలోని వర్ణరేఖతోనే. హీలియం కథలో మా ఊరి పేరు అలా చేరింది కనుక ఈ పని మీద నాకు మమకారం ఎక్కువ.

ఈ కాంతిలో హీలియం వర్ణరేఖను వెతికి కొలవడమంటూ ఉండదు. హైడ్రోజన్ కంటే ముందే హీలియం ఎలక్ట్రాన్లను కలుపుకుని తటస్థమవుతుంది; కాబట్టి బేరియాన్ల (ప్రోటాన్లు, న్యూట్రాన్లతో కూడిన మామూలు పదార్థం) సాంద్రత మారకుండా హీలియం వాటా పెరిగితే, హైడ్రోజన్ తటస్థమయ్యే వేళకు స్వేచ్ఛగా ఉన్న ఎలక్ట్రాన్లు తగ్గి, ఫోటాన్లు ఢీకొనకుండా మరింత దూరం పోయి, చిన్న కోణాల వద్ద హెచ్చుతగ్గులు ఇంకా చెరిగిపోతాయి. హీలియం విలువను, అంటే ఆ పదార్థపు ద్రవ్యరాశిలో దాని వాటాను, 0.24 నుంచి 0.30కి మార్చి రెండు గ్రాఫులనూ ఒకదానిపై ఒకటి గీస్తే, మొదటి శిఖరం దాదాపు అక్కడే ఉంటుంది. మల్టీపోల్ (కోణం చిన్నదయ్యేకొద్దీ పెరిగే సంఖ్య) 1000 దాటాక మాత్రం రేఖ స్పష్టంగా కిందికి జారుతుంది. నా విద్యార్థులకు విషయం పట్టుబడింది ఈ బొమ్మతోనే.

కొత్తగా వాడేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హీలియం విలువను మనం ఇవ్వకపోతే, బేరియాన్ సాంద్రతనూ న్యూట్రినో రకాల సంఖ్యనూ బట్టి తొలి కేంద్రక సంశ్లేషణ (తొలి నిమిషాల్లో తేలిక కేంద్రకాలు తయారైన ప్రక్రియ) పట్టిక నుంచి ప్రోగ్రామే దాన్ని తీసుకుంటుంది. మొదటి ఏడాది నేను ఇది గమనించక, సిద్ధాంతం చెప్పిన విలువనే కొలతగా భావించి రెండు వారాల పని పోగొట్టుకున్నాను. ద్రవ్యరాశిలో వాటా, న్యూక్లియాన్ల (ప్రోటాన్లు, న్యూట్రాన్ల) సంఖ్యలో వాటా అనే రెండు నిర్వచనాల మధ్య దాదాపు అర శాతం తేడా ఉంటుందన్నది కూడా, ఇతరుల ఫలితాలతో పోల్చేటప్పుడు మరువరాదు.

కచ్చితత్వం ఒక్కటే కావాలంటే ఈ దారి నేను చెప్పను. ఈ కాంతిని కొలిచిన ప్లాంక్ ఉపగ్రహపు 2018 దత్తాంశం 95 శాతం విశ్వాసంతో ఇచ్చిన విలువ 0.241 ± 0.025, లోహాలు (ఖగోళశాస్త్రంలో హీలియం కంటే భారమైన మూలకాలన్నీ) తక్కువగా ఉన్న గెలాక్సీల వాయుమేఘాల నుంచి 2015లో వచ్చిన 0.2449 ± 0.0040 దీనికంటే ఎంతో బిగువైనది. అయినా, నక్షత్రాలు ఇంకా పుట్టని కాలం నుంచి, వాటి బూడిద కలవకుండా వచ్చే విలువ ఇది, అందుకే నాకు దీనిపై గౌరవం. న్యూట్రినో రకాల సంఖ్యను కూడా స్వేచ్ఛగా వదిలితే ఆ రెండింటి ప్రభావమూ గ్రాఫు తోక భాగంలోనే (చిన్న కోణాల వైపు) కలిసిపోయి హద్దులు బాగా వెడల్పవుతాయి. ఆ కాంతి తరంగాలు ఏ దిశలో కంపిస్తున్నాయో తెలిపే ధ్రువణ దత్తాంశం చేర్చాకే అవి కొంత దగ్గరకు వస్తాయి.

గ్రాఫు క్షణాల్లో వస్తుంది కానీ, కొబాయాతో (దత్తాంశానికి సరిపడే విలువలను వెతికే మరో ప్రోగ్రాము) కలిపి నడిపే పూర్తి గణనకు మా యంత్రం మీద రోజులు పడుతుంది. వేసవిలో కరెంటు పోయినా ఆగినచోటి నుంచే మళ్లీ మొదలుపెట్టవచ్చు కనుక, నా వంటివారికి ఇంట్లోనే ఈ పని సాధ్యమైంది.