పక్కన కూర్చున్న మనిషి: ఆరేళ్ల హోలోట్రోపిక్ శ్వాస సాధన తర్వాత

ఆరేళ్లలో ఇరవై మూడు సార్లు కళ్లకు గంతలు కట్టుకుని ఆ పరుపు మీద పడుకున్నాను. దాదాపు అన్నిసార్లూ దాని పక్కన కూర్చున్నాను కూడా. హోలోట్రోపిక్ శ్వాస అంటే, సంగీతం మధ్య వేగంగా లోతుగా ఊపిరి తీసుకుంటూ పోయి మామూలు మెలకువను పక్కకు తప్పించే పద్ధతి. మానసిక వైద్యుడు స్టానిస్లావ్ గ్రోఫ్, ఆయన భార్య క్రిస్టీనా దీన్ని రూపొందించారు. ఆ వివరాల్లోకి ఇంతకంటే వెళ్లను. నాకు చెప్పాలని ఉన్నది సిట్టర్ గురించి. ఒకరు ఊపిరి తీసుకుంటున్నంతసేపూ, రెండు మూడు గంటలపాటు, మరో పని పెట్టుకోకుండా పక్కనే కూర్చునే మనిషి. నాకు ఈ పద్ధతికి ప్రాణం అక్కడే ఉంది.

మొదటిసారి ఇరవై నిమిషాలు గడిచేసరికే నా చేతులు కొంకర్లు పోయాయి. వేళ్లు నాలుగూ ఒకదానికొకటి అతుక్కుపోయి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుని, మణికట్టు లోపలికి వంగిపోయింది. పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నట్లు తిమ్మిరి. పక్షవాతమేమో అనుకున్నాను. అప్పుడు నా కుడి మణికట్టు కింద మెత్తగా ఏదో చేరింది. మడతపెట్టిన తువ్వాలు. ఆ ఉదయమే పరిచయమైన నా సిట్టర్ పెట్టారు. ఆమె చేతులు పిసకలేదు, ఏమీ కాదని ధైర్యం చెప్పలేదు, ఎలా ఉందని అడగలేదు. మణికట్టు గాలిలో వేలాడుతోందని చూసి, దానికి ఆసరా ఇచ్చి ఊరుకున్నారు. నా భయం అక్కడ ఆగింది.

చేతులు అలా ఎందుకయ్యాయో తర్వాత చదివి తెలుసుకున్నాను. వేగంగా ఊపిరి వదిలేకొద్దీ రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, రక్తం క్షారం వైపు మొగ్గుతుంది. దాంతో రక్తంలో అయానుల రూపంలో ఉండే కాల్షియం తగ్గి, నరాలు ఊరికే ఉద్రేకపడి కండరాలు బిగుసుకుంటాయి. మెదడులోని రక్తనాళాలు కూడా సన్నబడతాయి. ఎక్కువ ఆక్సిజన్ అందడం వల్లే ఈ అనుభవాలు వస్తాయని చెప్పేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. ఆ సమయంలో మెదడుకు చేరే రక్తం తగ్గుతుందన్న సంగతి వాళ్లు చెప్పరు. ఆ బిగువును స్టానిస్లావ్ గ్రోఫ్ రసాయనిక చర్యకే వదిలేయలేదు. ఒంట్లో ఎప్పటినుంచో దాగిన భావావేశం పైకి తేలుతోందని, దాన్ని ఆపకుండా పూర్తిగా సాగనిస్తే వదిలిపోతుందని ఆయన వాదన. నా చేతుల విషయంలో అదే జరిగింది. ఏడో ఎనిమిదో సెషన్ నుంచి కొంకర్లు పోవడం మానేశాయి. కారణం ఆయన చెప్పిందేనని మాత్రం నేను తేల్చలేను. ఊపిరి తీసే తీరు నాకు అలవాటై ఉండవచ్చు.

ఈ జంటల ఏర్పాటు ముందే ఆలోచించి పెట్టుకున్నది కాదని తెలిసినప్పుడు చాలా సంతోషించాను. కాలిఫోర్నియాలోని ఎసాలెన్ అనే సాధన కేంద్రంలో శిబిరాలు నడుపుతున్న కాలంలో గ్రోఫ్ నడుముకు దెబ్బ తగిలి, సాధకుల ఒంట్లోని బిగువును చేతులతో ఒత్తి విడిపించే పని తానే చేయలేని పరిస్థితి వచ్చింది. అందుకని వచ్చినవారిని జంటలుగా విడదీసి, ఒకరు ఊపిరి తీసుకుంటుంటే మరొకరిని కనిపెట్టుకుని ఉండమన్నారు. తీరా చూస్తే, పక్కన కూర్చున్నవాళ్లు కూడా కదిలిపోయి లేచారట.

అది నాకూ జరిగింది. రెండో ఏడాది ఒక పెద్దాయనకు సిట్టర్‌గా ఉన్నాను. "నేను చెయ్యి చాపితే పట్టుకోండి, అంతవరకు ముట్టుకోవద్దు" అని ముందే చెప్పారు. గంటన్నర సేపు కదలిక లేదు. ఆయన గొంతు దగ్గర చర్మం ఎగిసిపడటం తప్ప నేను చూడటానికి ఏమీ లేదు. అదే చూస్తూ ఉన్నాను. ఏ క్షణాన మొదలైందో తెలియదు, నా ఊపిరి మామూలుగానే ఉంది, కానీ లోపల మాటలన్నీ ఆగిపోయాయి. హాలంతా హోరెత్తుతున్న సంగీతం, చుట్టూ ఏడుపులు, కేకలు, వాటన్నిటి నడుమ ఎన్నడూ ఎరగని నిశ్శబ్దం. అప్పుడు ఆయన చెయ్యి పక్కకు చాపారు. పట్టుకున్నాను. నలభై నిమిషాలు వదల్లేదు. నా చెయ్యి మొద్దుబారినా కదపలేదు. పరుపు మీద పడుకుని నేను పొందిన ఏ అనుభవమూ ఆ నలభై నిమిషాలకు సాటి రాదు.

అందుకే నాలుగో ఏడాది జరిగినదాన్ని ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. మరో బృందంతో వెళ్లాను, పేరు అనవసరం. వచ్చినవారి సంఖ్య బేసి కావడంతో ఇద్దరికి ఒకే సిట్టర్‌ను ఇచ్చారు. అప్పుడే లేచి వచ్చేయవలసింది. రెండు గంటలు దాటాక నా ఎడమ భుజంలో నొప్పి మొదలైంది, ఎవరో వెనక్కి విరుస్తున్నట్లు. సరిగ్గా అప్పుడే సంగీతం ఆపి దీపాలు వేశారు. నా సిట్టర్ అవతలి మనిషి దగ్గర ఉన్నారు. ఈ పద్ధతిలో ఇలా మధ్యలో చిక్కుకున్నవారి కోసమే ఒక ఏర్పాటు ఉంది. నొప్పి ఉన్నచోట బిగువును ఇంకా పెంచమని చెప్పి, దానికి చేత్తో ఎదురు ఒత్తిడి ఇస్తూ అది విడిపోయేదాకా ఫెసిలిటేటర్, అంటే సెషన్ నడిపించే మనిషి, పక్కనే ఉంటారు. సాధకులు 'స్టాప్' అన్న ఒక్క మాటకు అంతా ఆగిపోవాలి. నాకు దొరికింది ఒక సలహా: "వెళ్లి మండల చిత్రం గీయండి, అదే సర్దుకుంటుంది." సెషన్ తర్వాత అనుభవాన్ని ఒక వృత్తంలో బొమ్మగా వేయడమే ఈ మండలం. గీశాను. ఒక నల్లటి వలయం, ఎడమవైపు మాత్రం కలవలేదు.

పదకొండు రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. భుజం నొప్పి పోయింది కానీ ఉన్నట్టుండి గుండె దడ, కారణం లేని ఏడుపు. ఇలాంటి సంక్షోభాలు వస్తాయని ఈ రంగం వాళ్లకు తెలియనిది కాదు. క్రిస్టీనా గ్రోఫ్ 1980లోనే అలాంటివారికి తోడు దొరికేలా ఒక సహాయ వ్యవస్థను నెలకొల్పారు. మరి ఆ బృందం నుంచి ఒక్క ఫోను కూడా రాలేదు. చివరికి మొదట నాకు నేర్పిన ఫెసిలిటేటర్ దగ్గరికే వెళ్లాను. భుజం ఎక్కడో చూపించమని, నా తోపుకు తన అరచేయి అడ్డుపెట్టి అరగంట ఓపిక పట్టారు. ఆ రాత్రి నిద్రపోయాను.

మొదటి రెండేళ్లలో నేను కనపడినవారందరికీ ఇందులో నా పుట్టుకను మళ్లీ అనుభవించానని చెప్పేవాణ్ణి. ఇరుకు, తలమీద ఒత్తిడి, ఊపిరాడకపోవడం, ఆపైన వెలుతురు: గ్రోఫ్ చెప్పిన నాలుగు ప్రసవ దశలకు అచ్చంగా సరిపోయాయి. ఇప్పుడు అలా చెప్పను. పడుకోబోయే ముందు ఆ దశల గురించి గంటసేపు వినే ఉన్నాను కదా. అనుభవం నాకు మేలు చేసింది, అంతవరకు నిలబడతాను. అది జ్ఞాపకమని ఒట్టు వేయలేను.

మీరు చేయవచ్చా అంటే, నా సంగతి వేరు అని ముందుగా చెప్పాలి. నాకు గుండె జబ్బు లేదు, మూర్ఛ లేదు, గ్లకోమా అనే కంటి జబ్బు లేదు, మానసికంగా తీవ్రంగా దెబ్బతిన్న చరిత్ర లేదు. వీటిలో ఏది ఉన్నా, గర్భంతో ఉన్నా, ఈమధ్యే ఆపరేషన్ జరిగి ఉన్నా దీని జోలికి వెళ్లకూడదు. సెషన్ తర్వాత రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఉండే వీలు నాకుంది. పదకొండు రోజులు నిద్ర లేనప్పుడు వెళ్లి తలుపు తట్టే చోటు కూడా ఉంది. ఈ రెండూ లేని రోజుల్లో మొదలుపెట్టి ఉంటే ఇలా రాసేవాణ్ణో లేదో తెలియదు.

నేనైతే మానలేదు. డబ్బు కట్టే ముందు రెండు సంగతులు అడుగుతున్నాను. ఒక్కొక్కరికి ఒక్కో సిట్టర్ ఉంటారా? సంగీతం ఆగేసరికి నాది పూర్తి కాకపోతే నా దగ్గర ఎవరుంటారు? రెండోదానికి పోయినసారి ఒకరు "అలా ఎప్పుడూ జరగదండీ" అన్నారు. అక్కడికి వెళ్లలేదు.