డబ్బా, పైసలా?

విశాఖ పూర్ణా మార్కెట్లో కూరగాయలు తూచి ఇచ్చే అమ్మ "డబ్బులియ్యండి బాబూ" అంటుంది. హైదరాబాదు నుంచి వచ్చిన మా బావగారు మాత్రం "పైసలు ఎంత?" అని అడుగుతారు. ఆమె ఆశ్చర్యపోదు, చిల్లర లెక్కపెడుతూనే ఉంటుంది.

రెండూ ఒకప్పుడు నాణేలే. డబ్బు అనేది చిన్న రాగి నాణెం. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఉత్తర సర్కారుల్లో, అంటే కోస్తా జిల్లాల్లో, చెలామణి అయింది, విశాఖ కూడా ఆ సర్కారుల్లోదే. ఒక్క నాణెం పేరు పెరిగి పెరిగి మొత్తం ధనానికే పేరైంది. కోటీశ్వరుణ్ణి కూడా "డబ్బున్నవాడు" అంటాం, ఆ రాగి బిళ్ల గుర్తుకే రాదు!

పైసాకు ఆ అదృష్టం ఇక్కడ పట్టలేదు. పాత లెక్కలో అది అణాలో నాలుగో వంతు, అంటే రూపాయిలో 64వ వంతు. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి వచ్చి నూరో వంతైంది. మా ఊళ్లో అది ఎక్కువగా లేమికే పనికొస్తుంది: "చేతిలో పైసా లేదు", "పైసా రాల్చడు". తెలంగాణలో మాత్రం పైసలు నిండు సంపద.

నన్నడిగితే, కలిమికి డబ్బు, లేమికి పైసా. అయితే లేమిలో పైసాకు గట్టి పోటీ ఉంది. "దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదు" అన్న సామెతలో దమ్మిడీ తీసేసి పైసా పెట్టి చూడండి, చప్పబడిపోతుంది.