మేడమీద కంప్యూటర్‌కి నెట్: యూఎస్‌బీ అడాప్టరా, ఎక్స్‌టెండరా, వైరా?

మాది నెల్లూరు వేదాయపాళెం. రౌటర్ కింద హాల్లో ఉంటుంది, కంప్యూటర్ మేడమీద గదిలో. ఆ కంప్యూటర్ ముందు కూర్చునే మా ఆవిడ ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతుంది. లెక్క సగంలో ఉండగా బొమ్మ ఆగిపోయేది. "టీచర్, వినపడలా" అని పిల్లలు అడుగుతుంటే ఆమెకు ఒకటే టెన్షన్. పరీక్షల ముందు పిల్లల టైమ్ పోతుంటే ఎవరికైనా బాధే కదా.

ఏదైనా కొనేముందు తప్పు ఎక్కడుందో చూడాలి. మా తోడల్లుడిది కావలి. నెట్ ఆగిపోతోందని ఎక్స్‌టెండర్, అంటే రౌటర్ వైఫైని అందుకుని ఇంకా దూరం పంపే పెట్టె, కొన్నాడు. "ఏందన్నా, ఇది పెట్టినా అట్నే ఉండాది" అని ఫోన్ చేశాడు. వెళ్లి చూస్తే కిటికీ దగ్గర ఫైబర్ తీగ మేకుకు చుట్టి మడత పడి ఉంది. ఫైబర్ అట్లా మడత పడితే వెలుతురు సరిగా పోదు. దానికి ఎక్స్‌టెండర్ ఏం చేస్తుంది?

అందుకే ముందు పింగ్ పెట్టండి, అంటే కంప్యూటర్ పిలిస్తే రౌటర్ ఎంతసేపట్లో పలుకుతుందో చూడండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో పింగ్ అని కొట్టి, పక్కన రౌటర్ నంబరు, చివర హైఫన్, టి. చాలా రౌటర్లకు ఆ నంబరు 192.168.1.1, కాకపోతే రౌటర్ వెనక స్టిక్కర్ మీద చూడండి. నెట్ ఆగిన సమయంలో కూడా జవాబుకు పట్టే మిల్లీసెకన్ల అంకెలు నిలకడగా ఉంటే తప్పు బయటి లైన్‌లో ఉందని అర్థం, ఆపరేటర్‌కే ఫోన్ చేయాలి. మాకు 4 మిల్లీసెకన్లు, 5, ఉన్నట్టుండి 600, తర్వాత 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' (జవాబే రాలేదని). అంటే తప్పు ఇంట్లోనే.

పైసా ఖర్చు లేని పనులు ముందు చేశాం. రౌటర్‌ను ఇనప బీరువా పక్కనుంచి తీసి ఎత్తులో పెట్టాం. రౌటర్ ఇచ్చే రెండు వైఫై బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్ వేగమే గానీ స్లాబు దాటేసరికి నీరసపడుతుంది. 2.4 అయితే దూరం పోతుంది, కానీ చుట్టుపక్కల ఇళ్ల వైఫైలన్నీ అందులోనే. ఆ 2.4 ఛానెల్‌ను 1, 6, 11లో ఖాళీగా ఉన్నదానికి మార్చాం. డివైస్ మేనేజర్‌లో వైఫై కార్డును కరెంటు ఆదా కోసం ఆపేసే టిక్కు కూడా తీసేశాం. కొంత మెరుగైంది, క్లాసుకు చాలినంత కాదు.

యూఎస్‌బీ అడాప్టర్, అంటే కంప్యూటర్‌కు గుచ్చితే వైఫై అందుకునే చిన్న పరికరం, అన్నిటికన్నా చవక. అయితే దాన్ని సీపీయూ వెనక గుచ్చితే ఆ ఇనప డబ్బాయే సిగ్నల్‌కు అడ్డం. ఎక్స్‌టెన్షన్ వైరుతో టేబుల్ మీదికి తెచ్చుకోవాలి. నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టు పక్కన అసలు వద్దు, దాని రేడియో రొద 2.4 వైఫైని చెడగొడుతుంది.

ఎక్స్‌టెండర్‌ను చాలామంది సిగ్నల్ రాని గదిలోనే పెడతారు. దానికే అందకపోతే అది మనకేం ఇస్తుంది? మెట్ల మలుపులో పెట్టాలి. అక్కడ పెట్టినా, ఒకే రేడియోతో తీసుకుని, దానితోనే ఇచ్చే రకమైతే వేగం దాదాపు సగమవుతుంది. ఇంకోటి, మనకు అక్టోబర్, నవంబర్ వానల్లో కరెంటు పోవడం మామూలే. హాల్లో రౌటర్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నా, మా మెట్ల దగ్గరి ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను లేదు. నేను దాన్ని వద్దనుకోవడానికి ఇదే పెద్ద కారణం.

చివరికి వైరే వేశాం. కదలని కంప్యూటర్‌కు గాలిలో నెట్ ఎందుకని నా గట్టి అభిప్రాయం. క్యాట్ 6 అనే నెట్ వైరు 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, మాకు 22 మీటర్లు పట్టింది. అసలు రాగి తీగే అడిగి తీసుకోండి, అల్యూమినియానికి రాగి పూత వేసినవి కూడా అమ్ముతారు. గోడ బయట పోయే భాగాన్ని పీవీసీ పైపులో వేయించాం, మన ఎండకు మామూలు తొడుగు పగిలిపోతుంది. కరెంటు తీగలున్న పైపులో మాత్రం దూర్చనివ్వకండి. ఎలక్ట్రీషియన్ "ఒకే పైపులో పోదాం సార్" అంటాడు, ఒప్పుకోవద్దు.

అద్దె ఇల్లయి, ఓనరు గోడకు బెజ్జం వద్దంటే మాత్రం నా ఓటు యూఎస్‌బీ అడాప్టర్‌కే. అదీ అందకపోతేనే ఎక్స్‌టెండర్.

వైరు వేసిన సాయంత్రం మళ్లీ పింగ్ పెట్టాను. క్లాసు నడిచిన గంటసేపూ ప్రతి లైనూ ఒక మిల్లీసెకను లోపే.