బెర్బెరె పొడి: కారం సరే, కొరరిమా ఏది?

ఇథియోపియా వంటల్లో వేసే మిరప మసాలా పొడి బెర్బెరె. దాని ప్యాకెట్ విప్పగానే ముక్కుకి ముందు తగలాల్సింది మిరప ఘాటు కాదు. ఎండిన వెల్లుల్లి వాసన, దాని వెనకే కాస్త కర్పూరంలా ఉండే యాలకుల వాసన రావాలి. ఆ రెండోది కొరరిమా, ఇథియోపియా యాలక్కాయ. ఆ దేశం బయట తయారయ్యే పొడుల్లో చాలావాటికి ఇదే లోటు. పచ్చ యాలకులు వేసి, రంగుకోసం కారం తక్కువుండే పాప్రికా మిరపపొడి దట్టించి సరిపెడతారు. కూరైతే ఎర్రగానే వస్తుంది, రుచి మాత్రం సగమే.

ఇథియోపియా ఇళ్లలో పద్ధతి వేరు. ఎండుమిరపకాయలు తొడిమలు తీసి దంచుతారు. వెల్లుల్లి, అల్లం, ఎర్ర ఉల్లి, సదాపాకు, తులసి జాతికి చెందిన బెసోబెలా కలిపి తడి ముద్ద చేస్తారు. మూతపెట్టి కొన్నాళ్లు ఊరనిచ్చి ఎండబెడతారు. వేయించిన కొరరిమా, వాము, నల్లజీలకర్ర, మెంతులు, ఉప్పు కలిపి మర పట్టించేది ఆ తర్వాతే. ఇలా చేసిన పొడి ముదురు ఇటుక రంగులో ఉంటుంది, వేళ్ల మధ్య నలిపితే కాస్త జిడ్డుగా తగులుతుంది. కొనేటప్పుడు ఈ రకమే వెతకండి. మెరిసే ఎరుపు కనిపిస్తే అనుమానించాల్సిందే. ఇటుక పొడి కల్తీ కూడా ఉంది. చెంచాడు పొడి గ్లాసు నీళ్లలో కలిపి కాసేపు వదిలేయండి, అడుగున ఇసుకలా గరగరలాడితే పారేయండి.

ఇక వాడకం. నిందంతా పొడి మీదకి పోయేది ఇక్కడే. మిసిర్ వొత్ అనే పప్పు కూరకి కప్పు ఎర్ర కందిపప్పు, అంటే మసూర్, రెండు పెద్ద ఉల్లిపాయలు, రెండు టేబుల్ స్పూన్ల బెర్బెరె. సన్నగా తరిగిన ఉల్లిని నూనె లేకుండా పది పన్నెండు నిమిషాలు మగ్గించాలి. అప్పుడు పావు కప్పు నూనె పోయాలి. ఇథియోపియా క్రైస్తవులు పాలు, మాంసం మానే ఉపవాసం రోజు కాకపోతే నూనె బదులు మసాలా నెయ్యి, నితెర్ కిబ్బె. బెర్బెరె వేశాక సన్న సెగ మీద మరో పది నిమిషాలు, అడుగంటుతుంటే చెంచా చెంచా నీళ్లు. కాగే నూనెలో పొడిగా పడేస్తే వెల్లుల్లి, మెంతులు మాడి చేదెక్కుతాయి, దాన్ని బాగుచేసే దారి లేదు. చివర్లో చల్లితే పచ్చివాసన పోదు. పైన చల్లుకునే పొడి మితిమితా. అది ఇంకా మంట, కిత్‌ఫో అనే పచ్చి కీమా వంటకానికి జోడీ. అంగట్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి, పేరు చూసి తీసుకోండి.

పొడిలో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి కూర రుచి చూశాకే విడిగా వేయాలి. వెల్లుల్లి, ఉల్లి ఉన్నందున తేమ ఇట్టే పట్టి గడ్డకడుతుంది. 250 గ్రాములకు మించి ఒకేసారి కొనొద్దు. గాలి చొరని సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి, తడి చెంచా ముట్టనివ్వొద్దు.