చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్: మా అమ్మాయి చదవమంటే చదివాను

ముందే చెప్పేస్తాను, కొన్ని చోట్ల విసుగొచ్చినా ఈ నవల నాకు చాలా నచ్చింది. టోమీ అడెయెమీ అనే నైజీరియన్ అమెరికన్ రచయిత్రి మొదటి పుస్తకం ఇది, 2018లో వచ్చింది, అప్పటికి ఆమెకి 24 ఏళ్ళే. మా అమ్మాయి పదో తరగతి పరీక్షలు అయిన వారంలోనే 500 పైచిలుకు పేజీలు చదివేసి, "అమ్మా, నువ్వు కూడా చదువు, దీని గురించి మాట్లాడదామంటే నాకు ఎవరూ లేరు" అంది. సరేనని రాత్రిళ్ళు డాబా మీద మొదలుపెట్టాను. విజయవాడ ఎండల్లో పగలు ఏ పుస్తకమూ బుర్రకెక్కదు.

కథ ఒరీషా అనే రాజ్యంలో నడుస్తుంది. మంత్రశక్తి ఉన్నవాళ్ళకి పదకొండేళ్ళ క్రితం ఆ శక్తి ఒక్కసారిగా పోతే, అదను చూసి సరన్ రాజు వాళ్ళందరినీ చంపించేస్తాడు. వాళ్ళలో కథానాయిక జెలీ తల్లి కూడా ఉంది. మిగిలిన పిల్లలకి గుర్తు తెల్లజుట్టు. వాళ్ళ ఇళ్ళ మీద పన్ను పెరుగుతూనే ఉంటుంది, కట్టలేకపోతే వెట్టిచాకిరీయే. ఆ పన్ను కోసం జెలీ ఒక పెద్ద చేపని లాగోస్ సంతలో అమ్మడానికి వెళ్తుంది, అక్కడ కోట నుంచి పారిపోతున్న రాకుమారి అమారి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంటుంది. వెనక అమారి అన్న ఇనాన్, సైనికులతో. ఇంతకు మించి చెప్పను.

నన్ను పట్టేసింది మాత్రం ఇందులోని దేవతలు. రచయిత్రి ఊరికే కల్పించుకున్న పేర్లు కావవి. నైజీరియా నైరుతి భాగంలోనూ పక్కన బెనిన్‌లోనూ ఉండే యొరుబా జనం ఇవాళ్టికీ కొలిచే దేవతలు. ఓయా గాలివానల తల్లి, నైజర్ నదిని యొరుబా వాళ్ళు ఓయా నది అనే పిలుస్తారు. ఉరుములు షాంగోవి, ఇనుము ఓగున్‌ది. కమ్మరులూ బండ్లు నడిపేవాళ్ళూ ఓగున్‌ని కొలుస్తారని తెలిశాక నాకు మన ఆటోనగర్ కళ్ళ ముందు కదిలింది, దసరాకి స్పానర్లకీ లారీలకీ బొట్లు పెట్టి గుమ్మడికాయలు కొట్టే షెడ్లన్నీ. ఓషున్ అయితే నదీ ఆవిడే, దేవతా ఆవిడే. ఒషోగ్బో ఊరి పక్కన ఆవిడ పేరు మీద ఉన్న అడవి 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది, ఏటా ఆగస్టులో అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. 2016 పుష్కరాలప్పుడు మా అత్తయ్య దుర్గా ఘాట్‌లో నీళ్ళలో పసుపు కుంకుమ వదిలి కృష్ణమ్మతో తన కష్టసుఖాలు చెప్పుకుంటుంటే నేను పక్కనే ఉన్నాను. అది చూసినవాళ్ళకి జెలీ ఓయాని పిలిచే చోట్లు వింతగా అనిపించవు, గొంతులో ఏదో అడ్డుపడుతుంది. బానిసలుగా ఓడల్లో బ్రెజిల్‌కీ క్యూబాకీ తరలించిన మనుషులు ఈ దేవతల్ని మనసులో పెట్టుకుని మోసుకెళ్ళారు. రచయిత్రి కూడా ఒరీషాల, అంటే ఈ దేవతల, బొమ్మల్ని బ్రెజిల్లోని సల్వడోర్‌లో చూశాకే ఈ కథ తట్టిందని చెప్పింది.

అలాగని దీన్ని చదివి యొరుబా మతం తెలిసిపోయిందనుకోవద్దు, మా అమ్మాయికీ ఇదే చెప్పాను. ఊళ్ళ పేర్లు నిజమైనవే, కానీ నవల్లో ఇలోరిన్ నీళ్ళ మీద తేలే బెస్తపల్లె, అసలు ఇలోరిన్ సముద్రానికి చాలా దూరంగా ఉన్న నగరం.

ఇంకో సంగతి. అమారి రాకుమారే అయినా అంతఃపురంలో అందరికంటే నల్లగా ఉంటుంది, అది సొంత తల్లికే నచ్చదు. ఆ పేజీల గురించి మాట్లాడుతుంటే మా అమ్మాయి కాసేపు ఊరుకుని, పెళ్ళిళ్ళలో చుట్టాలు తనని చూసి "పిల్ల కాస్త రంగు తగ్గింది" అనడం గుర్తు చేసింది. ఆ మాట తను మర్చిపోయి ఉంటుందనుకున్నాను. ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఈ ఒక్క కారణానికైనా నేను ఈ పుస్తకానికి రుణపడి ఉంటాను.

ఇక నచ్చనివి. జెలీ, అమారి, ఇనాన్ ముగ్గురూ వంతులవారీగా "నేను" అంటూ కథ చెబుతారు, కానీ ముగ్గురి గొంతూ ఒకేలా ఉంది, అధ్యాయం మొదట్లో పేరు చూడకపోతే ఎవరు మాట్లాడుతున్నారో నాకు చాలాసార్లు తెలియలేదు. జెలీ, ఇనాన్‌ల ప్రేమ అయితే మరీ తొందర. నిన్నటిదాకా చంపడానికి తరిమినవాడి మీద మనసు మళ్ళాలంటే దానికి కొంత కాలం పట్టాలి కదా! నడుమ పోటీ గోదాలో జరిగే యుద్ధం కూడా సాగదీసినట్టుంది.

తల్లిదండ్రులకి ఒక మాట, హింస బాగా ఉంది. చివరి భాగంలో జెలీని చిత్రహింసలు పెట్టే ఘట్టం దగ్గర నేనే పుస్తకం మూసి, లేచి మంచినీళ్ళు తాగొచ్చాను. అమెరికాలో పోలీసుల చేతుల్లో చనిపోతున్న నల్లజాతి వాళ్ళ గురించిన బాధతోనే ఇది రాశానని చివర్లో రచయిత్రి చెప్పింది, అది చదివాక ఆ ఘట్టం ఎందుకుందో అర్థమైంది. పదమూడేళ్ళలోపు పిల్లలకి మాత్రం నేనైతే ఇవ్వను.

కొనేటప్పుడు జాగ్రత్త. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో మాకు దొరకలేదు, ఆన్‌లైన్లో తక్కువ ధరకి తెప్పిస్తే పైరసీ కాపీ వచ్చింది, మొదట్లో ఉండే మ్యాపూ మంత్రశక్తి ఉన్నవాళ్ళ పది తెగల పట్టికా అలుక్కుపోయి ఉన్నాయి, మంత్రాల్లో అక్షరాల మీది గుర్తులు సగం పడలేదు. యొరుబాలో ఆ గుర్తులే ప్రాణం, అక్షరాలు అవే ఉన్నా స్వరం మారితే ఒకచోట భర్త, ఒకచోట బండి, ఇంకోచోట పార అని అర్థం. అది వెనక్కి పంపేసి అసలు కాపీ కొన్నాం.

రెండో భాగం 2019లో, మూడోది 2024లో వచ్చాయి. రెండోది ఇప్పుడు మా అమ్మాయి చేతిలో ఉంది, తను వదిలితే నేను మొదలుపెట్టాలి.